లూయీ పాశ్చర్ మహాశయుడు

కుండ అదియే, పాలు అవియే, తోడు వేసిన చేయి అదియే. అయినను ఒకనాడు పెరుగు కత్తితో కోయదగినట్లు తోడుకొనును. మరియొకనాడు తీగలు సాగి వాసన కొట్టును. ఇల్లాలు దృష్టిదోషమని సరిపెట్టుకొనును. ఇట్టి స్వల్ప విషయమును స్వల్పమని త్రోసివేయక, దాని కారణము నరసి, లోకమునకు మహోపకార మొనర్చిన విజ్ఞానవేత్త ఫ్రాన్సు దేశీయుడగు లూయీ పాశ్చర్.

ఆయన 1822 డిసెంబరు 27 వ తేదీన డోల్ అను పట్టణమున జన్మించెను. తండ్రి నెపోలియను సైన్యమున పనిచేసి, పిమ్మట తోళ్లు పదును చేయు వృత్తితో సంసారము నీదినవాడు. ద్రాక్షతోటలకు పేరుగన్న ఆర్బ్వా అను చిన్న ఊరిలో బాలుని చదువు సాగెను. చిన్ననాట చిత్రలేఖనమందు మక్కువయే గాని, చదువులో అసామాన్యుడని యెవరును తలంపలేదు. పారిసునకు పోయి రసాయనశాస్త్రము నభ్యసించి, 1848 లో స్ఫటికములను గూర్చి చేసిన పరిశోధనచే పండితుల మన్ననకు పాత్రుడయ్యెను. 1854 లో లిల్ నగరమున విజ్ఞానశాస్త్ర విభాగమునకు అధ్యక్షుడయ్యెను.

ఆ ప్రాంతమున బీట్ దుంపల రసమును పులియబెట్టి మద్యసారము తీయు కర్మాగారములు కలవు. 1856 లో బిగో అను కర్మాగారాధిపతి పాశ్చర్ నాశ్రయించెను. అతని కుమారుడు పాశ్చర్ శిష్యుడు. కొన్ని తొట్టెలలో రసము చక్కగా పొంగి సారమగుచుండెను. మరికొన్నింట పొంగు మందగించి, రసము చెడి, పుల్లని వాసన వేయుచుండెను. దుంపలలో భేదము లేదు, పనివారిలో భేదము లేదు. నష్టము మాత్రము పెరుగుచుండెను. ఆచార్యపదవిలోనుండియు పాశ్చర్ ఈ పనిని చిన్నతనముగా నెంచలేదు. కర్మాగారమునకు పోయి, రెండు విధముల తొట్టెలనుండియు రసము తెచ్చి, సూక్ష్మదర్శినితో పరీక్షించెను.

మంచి తొట్టెలోని బొట్టునందు కిణ్వకణములు, అనగా ఈస్టు కణములు, గుండ్రముగా మొగ్గలు తొడుగుచు కానవచ్చెను. చెడిన తొట్టెలోని బొట్టునందు వానికి మారుగా పొడవైన పుల్లలవంటి సూక్ష్మజీవులు కిక్కిరిసి యుండెను. చెడిన తొట్టె పని మానలేదు. అందు పనివారు మారిరి. చక్కెరను సారముగా మార్చువారి స్థానమును, దానిని ఆమ్లముగా మార్చువా రాక్రమించిరి.

ఆ కాలమున జర్మను రసాయన పండితుడగు లీబిగ్ ప్రభృతులు, పులియుట నిర్జీవ పదార్థము క్రుళ్లుటవలన కలుగు మార్పనియే బోధించుచుండిరి. కిణ్వము ప్రాణియేయని అంతకు పూర్వమే షువాన్, కాన్యార్ ద లాటూర్ మొదలగువారు చెప్పినను, వారి మాట పండితుల చెవి కెక్కలేదు. పాలలోని పులుపునకు హేతువగు కిణ్వమును గూర్చి 1857 లోను, మద్యకిణ్వనమును గూర్చి 1860 లోను పాశ్చర్ తన పరిశోధనలను ప్రకటించెను. చక్కెర, అమోనియా లవణము, కిణ్వభస్మము మాత్రమే గల నీటిలో కొలదిపాటి కిణ్వమును విత్తి, అది పెరుగుట చూపెను. జీవము లేనిచో ఈ కార్యము లేదని తేలెను.

దీనివలన పొంగు నిలిచిన తొట్టెకు చికిత్స యేదియో తెలియవచ్చెను. విత్తిన కిణ్వము ముసలిదో, కొరతదో యయినచో పని సాగదు. మిక్కిలి చలిలో అది నిద్రించును. మిక్కిలి వేడిలో చచ్చును. చక్కెర యొక్కటియే చాలదు, లవణములును వలయును. గాలి తగిలినపుడు కిణ్వము వృద్ధిపొందును. గాలి లేనపుడు చక్కెరను సారముగా మార్చును. కావున తొలుత గాలియు, పిమ్మట మూతయు మేలు. అన్నిటికంటె ముఖ్యము పాత్రశుద్ధి.

1871 లో, యుద్ధమున జర్మనులచే ఓడిన స్వదేశమునకు బీరు పరిశ్రమయందైనను గెలుపు సమకూర్చవలెనని ఆయన పూనుకొనెను. ఆ యేట లండనులోని ప్రసిద్ధమగు విట్‌బ్రెడ్ కర్మాగారమునకు పోయి, వారి కిణ్వమును సూక్ష్మదర్శినిలో చూచి, అందలి దోషమును వారికే చూపెను. కొలది దినములలోనే వారును సూక్ష్మదర్శినిని కొనిరి. 1876 లో బీరును గూర్చిన ఆయన గ్రంథము వెలువడెను. అయినను మంచి కిణ్వములో కలసిపోయిన అన్యజాతి కిణ్వముకూడ బీరును చెరుపునను రహస్యము మిగిలిపోయెను. దానిని కోపెన్‌హాగెన్ నగరమున హాన్సెన్ కనిపెట్టి, 1883 లో ఒక్క కణమునుండి శుద్ధకిణ్వమును పెంచెను.

ఇంతటి పనియు సుఖముగా జరుగలేదు. 1859 లో పెద్దకుమార్తె సన్నిపాత జ్వరముచే మరణించెను. 1865, 1866 సంవత్సరములలో మరి యిద్దరు కుమార్తెలు గతించిరి. 1868 లో పక్షవాతముచే ఆయన యెడమ భాగము పడిపోయెను. అప్పటికి వయసు నలుబదియైదు. బీరు పరిశోధనయు, పిచ్చికుక్క కాటునకు మందును ఆ పిమ్మటివే. 1885 జూలై 6 వ తేదీన కుక్కకాటునకు గురియైన తొమ్మిదేండ్ల బాలునికి చికిత్స నారంభింపజేసి, ఆ చిన్నవాని ప్రాణము నిలిపెను. 1888 లో పారిసున ఆయన పేర పరిశోధనాలయము వెలసెను. 1907 లో నీలగిరులలోని కూనూరున స్థాపింపబడిన పాశ్చర్ సంస్థ మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల వారికిని ఆశ్రయమయ్యెను. 1895 సెప్టెంబరు 28 వ తేదీన ఆయన కీర్తిశేషుడయ్యెను.

చదువుకొనినవాడు కర్మాగారపు తొట్టె చెంతకు పోవుట తనకు తగదని ఆనాడు పాశ్చర్ తలంచినచో, బిగో నష్టము అతనితోనే పోయెడిది. కుక్క కరచిన బిడ్డల తల్లులు నేటికిని ఏడ్చుచుండెడివారు. మన యిండ్లలో పాలు విరిగిననాడు, పిండి పొంగనినాడు, దృష్టి తీయుటకు ముందు కుండను కడిగి చూచుట ఆ మహాశయునకు మనము చేయదగిన చిన్న నమస్కారము.