రోడ్డును లెక్కపెట్టిన మాస్టారు – బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్

స్వర్ణోత్సవ సంచిక కమిటీ మిత్రులు ఫోన్ చేసి, బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నన్ను నా వృత్తిలోని ఒక పెద్దమనిషి గురించి రాయమన్నారు. నా వృత్తి ఏమిటో మా బ్యాచ్‌లో చాలామందికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. సివిల్ ఇంజనీరు అనగానే ఇల్లు కట్టిస్తాడనుకుంటారు. ప్లాను గీసిపెట్టమని స్థలం కాగితాలు పట్టుకొచ్చిన బంధువులు కూడా ఉన్నారు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా చేసింది వేరే పని. ఒక రోడ్డు మీద ఇవాళ ఎన్ని బళ్ళు పోతున్నాయి, ఇరవై ఏళ్ళ తర్వాత ఎన్ని పోతాయి, అన్నిటినీ ఆ రోడ్డు మోయగలదా, జంక్షన్‌లో పచ్చలైటు ఎంతసేపు వెలగాలి – ఇవి లెక్కకట్టి చెప్పడమే నా ఉద్యోగం. ఈ లెక్కలకు మొదటి గీత గీసినవారు బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్. సివిల్ ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడూ ఆయన పేరు పరీక్షలో రాసే ఉంటాడు. ఆయన మనిషిగా ఎవరో ఏమిటో మాత్రం మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆయన 1893లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో విన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టారు. పెరిగింది ఓక్లహోమాలోని బ్లాక్‌వెల్‌లో. ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారును అమ్మకానికి తెచ్చిన 1908 నాటికి ఆయనకు పదిహేనేళ్ళు. అంటే గుర్రబ్బండి కాలంలో పుట్టి, మీసాలు వచ్చే వయసులో కారును చూసిన తరం. 1930 నాటికి ఆ దేశంలో మోటారు వాహనాలు రెండున్నర కోట్లు దాటాయి. ఇంత మార్పును ఒక్క జీవితంలో కళ్ళారా చూసినవాడు ఆ బళ్ళ గురించి ఆలోచించకుండా ఎలా ఉంటాడు?

ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో డిగ్రీ, మిషిగన్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్‌లో పైచదువులు. 1934లో పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి ఆయన వయసు నలభై దాటింది. అప్పటికి ఒహాయో రాష్ట్రంలోని డెనిసన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నారు. ఆలస్యంగా చదువుకున్నవాళ్ళంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. వాళ్ళు ప్రశ్నను వెంటబెట్టుకుని వస్తారు.

ఆయన వెంటబెట్టుకొచ్చిన ప్రశ్న వినడానికి చాలా చిన్నది. ఒక రోడ్డు గంటకు ఎన్ని కార్లను పంపగలదు? అప్పటి ఇంజనీర్లు దీనికి బల్ల దగ్గర కూర్చుని జవాబు చెప్పేవారు. ఇంత వేగంతో పోయే కారు బ్రేకు వేస్తే ఎన్ని అడుగుల్లో ఆగుతుంది, కాబట్టి ముందు కారుకు ఎంత దూరం ఉంచాలి, కాబట్టి గంటకు ఎన్ని పడతాయి అని. ఒక్కొక్కరు ఒక్కో ఊహతో మొదలుపెట్టేవారు కనుక ఒక్కొక్కరికి ఒక్కో జవాబు వచ్చేది. నిజంగా డ్రైవర్లు ముందు బండికి ఎంత దూరం ఉంచుతున్నారో ఎవరూ సరిగా చూడలేదు.

గ్రీన్‌షీల్డ్స్ వెళ్ళి చూశారు. ఒహాయో రోడ్ల పక్కన 16 మిల్లీమీటర్ల సినిమా కెమెరా బిగించి, సమానమైన వ్యవధిలో బొమ్మ తర్వాత బొమ్మ తీశారు. ఒక బొమ్మలో కారు ఎక్కడ ఉంది, తర్వాతి బొమ్మలో ఎక్కడికి జరిగింది అని కొలిస్తే వేగం తెలుస్తుంది. కారుకీ కారుకీ మధ్య దూరం బొమ్మలోనే కనిపిస్తుంది. మీటలు, తీగలు రోడ్డు మీద పరిస్తే డ్రైవర్లు చూసి నెమ్మదిస్తారు. కెమెరా దూరంగా ఉంటే వాళ్ళ మానాన వాళ్ళు పోతారు. చెప్పినంత సులువు కాదు ఈ పని. రీళ్ళకు రీళ్ళు కడిగించి, ఒక్కొక్క బొమ్మనూ పెద్దదిగా చూస్తూ, స్కేలు పెట్టి కొలుచుకుంటూ పోవాలి. ఈ పద్ధతి గురించిన పత్రం 1934లో, రోడ్డు సామర్థ్యం గురించిన పత్రం 1935లో అమెరికా హైవే రీసెర్చ్ బోర్డు ప్రచురణల్లో వచ్చాయి.

ఆ రెండో పత్రంలో ఉంది మేమంతా పరీక్షల్లో రాసిన గీత. రోడ్డు మీద కార్లు పల్చగా ఉంటే వేగం ఎక్కువ, చిక్కబడే కొద్దీ వేగం తక్కువ. ఇది ఎవరికైనా తెలుసు. ఆయన చెప్పిందేమిటంటే ఈ తగ్గుదల ఒక సరళరేఖ మీద నడుస్తుందని. ఎనిమిదో తరగతిలో మన లెక్కల మాస్టారు గళ్ళ కాగితం మీద గీయించిన లాంటి గీతే. ఆయన గీతలో ఒక కొస, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు గంటకు 46 మైళ్ళ వేగం. రెండో కొస, మైలుకు 195 కార్లు చేరినప్పుడు వేగం సున్నా. మైలుకు 195 అంటే సుమారు 27 అడుగులకు ఒక కారు, ఒకదాని వెనక ఒకటి ఆనుకుని ఆగిపోయిన స్థితి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. గంటకు ఎన్ని కార్లు దాటాయో తెలియాలంటే వేగాన్ని సాంద్రతతో హెచ్చవేయాలి. హెచ్చవేసి చూస్తే, అన్నిటికన్నా ఎక్కువ కార్లు దాటేది రోడ్డు మంచి వేగంతో ఉన్నప్పుడు కాదు. వేగం సగానికి, అంటే 23 మైళ్ళకు పడిపోయినప్పుడు. అప్పుడు ఆ ఒక్క వరుసలో గంటకు దాదాపు 2,240 కార్లు పోతాయి. అంతకు మించి కార్లు దూరితే దాటే సంఖ్య మళ్ళీ తగ్గుతుంది.

దీన్నుంచి వచ్చే రెండో సంగతి మా వృత్తికి ప్రాణం. గంటకు వెయ్యి కార్లు దాటాయని లెక్క వచ్చిందనుకోండి. ఆ రోడ్డు హాయిగా పారుతూ ఉండవచ్చు, లేదా కిక్కిరిసి పాకుతూ ఉండవచ్చు. అంకె ఒకటే. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని ఐదేసి గీతలు గీస్తూ లెక్క రాసే కుర్రాడు, జామ్ అయిన జంక్షన్‌లో చిన్న అంకె రాస్తాడు. ఆఫీసులో దాన్ని చదివినవాడు రోడ్డు ఖాళీగా ఉందనుకుంటాడు. ఇలాంటి కాగితాలు నేను చాలా చూశాను. అందుకే అంకెతో పాటు వేగమూ రాయించమని ప్రతి కొత్త ఇంజనీరుకూ చెబుతూ వచ్చాను.

ఇంతకీ ఆ గీత దేని మీద గీశారు? ఉద్యోగంలో చేరిన పదేళ్ళకు గానీ నాకు ఈ విషయం తెలియలేదు. తెలిసిన రోజు కాస్త తల తిరిగింది. ఆ గ్రాఫులో ఉన్నవి ఏడు చుక్కలు. ఆరు చుక్కలు రోడ్డు పల్చగా ఉన్న వైపు గుంపుగా ఉంటాయి. చిక్కబడ్డ వైపు ఒక్కటే ఒక్క చుక్క, దూరంగా, ఒంటరిగా. అది కూడా వేరే రోడ్డు మీద తీసింది. నూరేసి కార్లను ఒక గుంపుగా తీసుకుని సగటు కట్టారు కానీ ఆ గుంపులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అన్నిటికీ మించి, ఆ కొలతలు సెలవు రోజుల్లో తీసినవి. సెలవు రోజున షికారుకు పోయేవాడి డ్రైవింగు, ఆఫీసుకు పరుగెత్తేవాడి డ్రైవింగు ఒకటేనా? తర్వాతి తరం పరిశోధకులు ఈ లోపాలన్నీ ఏకరువు పెట్టారు. 1959లో గ్రీన్‌బర్గ్, 1961లో అండర్‌వుడ్ సరళరేఖ బదులు వంపుగీతలు ప్రతిపాదించారు. నేటి పెద్ద హైవేల మీద కొలిస్తే, రోడ్డు నిండబోయే దాకా వేగం పెద్దగా తగ్గదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. నేరుగా దిగే గీత కాదది.

అయినా నేను ఆయన్ను తప్పుపట్టలేను. ఏ చుక్క ఎక్కడిదో కాగితం మీద పెట్టారు కాబట్టే తర్వాతివాళ్ళు తప్పులు ఎంచగలిగారు. నా విషయంలో అలా జరగలేదు, అది కూడా ఇక్కడ రాయాలి.

చాలా ఏళ్ళ కిందట ఒక మండల కేంద్రం మీదుగా పోయే రోడ్డు వెడల్పు చేసే పనికి ట్రాఫిక్ నివేదిక నేను తయారుచేశాను. మన దేశపు నిబంధనల ప్రకారం ఊరి బయటి రోడ్ల మీద వరసగా 7 రోజులు, రోజుకు 24 గంటలూ లెక్కపెట్టాలి. అది కూడా ఏడాదికి రెండుసార్లు, పంట చేతికొచ్చి అమ్ముడుపోయే కాలంలో ఒకసారి, పని లేని కాలంలో ఒకసారి. నివేదిక తొందరగా కావాలన్నారు. నేను మంగళ, బుధ, గురువారాలు లెక్కపెట్టించి, దాన్నే వారానికి సాగదీశాను. నివేదికలో ఆ సంగతి ఒక మూల చిన్న అక్షరాల్లో రాశాను. ఆ లెక్క ప్రకారం బస్టాండు దాటాక ఉన్న అడ్డదారి దగ్గర డివైడరుకు సందు అవసరం లేదు. సందు లేకుండానే కట్టారు.

ఆ ఊళ్ళో సంత శనివారం. అడ్డదారి సంతకు పోయే దారి.

రోడ్డు పూర్తయ్యాక ఒక శనివారం అటుగా వెళుతూ చూశాను. ట్రాక్టర్లు అర కిలోమీటరు రాంగ్‌సైడులో వస్తున్నాయి. నెత్తిన గంపలతో ఆడవాళ్ళు డివైడరు ఎక్కి దిగుతున్నారు. కారు ఆపి ఒక పెద్దావిణ్ణి పలకరిస్తే, అంతకు ముందు నెలలో ఒక ముసలాయన అలాగే దిగబోయి లారీ కింద కాలు పోగొట్టుకున్నాడని చెప్పింది. నేనెవరో ఆవిడకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది. మళ్ళీ నా మనుషులను పెట్టి రెండు శనివారాలు లెక్క తీయించి, మొదటి నివేదిక తప్పని రాసి ఇచ్చాను. సందు తెరవడానికి రెండేళ్ళు పట్టింది.

ఇంకో మాట. మన లెక్కల్లో రకరకాల బళ్ళను కారుతో పోల్చి ఒకే కొలతకు తెస్తాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 నాటి పట్టికలో ఊరి బయటి రోడ్డు మీద మోటారు సైకిలు 0.5, బస్సు లేదా లారీ 3, ట్రాలీ ఉన్న ట్రాక్టరు 4.5, ఎద్దుల బండి 8. గంప ఎత్తుకున్న మనిషికి ఆ పట్టికలో అంకె లేదు. గ్రీన్‌షీల్డ్స్ గీతలోనూ లేదు. ఆయన రోడ్డు మీద ఉన్నవి కార్లే కాబట్టి ఆయనకు చెల్లింది.

ఒహాయో తర్వాత ఆయన బ్రూక్లిన్ పాలిటెక్నిక్‌లో, వాషింగ్టన్‌లోని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చెప్పారు. 1947లో మరో ఇద్దరితో కలిసి, యేల్ విశ్వవిద్యాలయపు హైవే ట్రాఫిక్ విభాగం తరఫున ఊరి కూడళ్ళ మీద చేసిన అధ్యయనం వెలువడింది. మళ్ళీ కెమెరాయే. నా దృష్టిలో ఆయన పనిలో ఇదే గట్టిది, పేరు మాత్రం ఆ గీతకు వచ్చింది. పచ్చలైటు పడ్డాక ఆగిన వరుసలో మొదటి కారు కదిలి పోవడానికి 3.8 సెకన్లు, రెండోదానికి 3.1, మూడోదానికి 2.7, ఆ పైన 2.4, 2.2, తర్వాత నుంచి 2.1 సెకన్ల చొప్పున పడుతుందని తేల్చారు. ఇవాళ మీరు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పచ్చలైటు ఎన్ని సెకన్లు ఉండాలో నిర్ణయించిన లెక్కలో ఈ రకం కొలతలే ఉంటాయి. మన దగ్గర వరుసే ఉండదు కదా అంటారా, నిజమే. స్కూటర్లన్నీ సందుల్లోంచి ముందుకు చేరి, లైటు పడకముందే సగం దాటేస్తాయి. అందుకే ఆయన అంకెల్ని తెచ్చి అంటించుకోకుండా మన కూడలిలో మనమే నిలబడి కొలుచుకోవాలి.

1952లో ట్రాఫిక్ విశ్లేషణకు పనికొచ్చే గణాంకశాస్త్రం మీద వీడా అనే గణాంక నిపుణుడితో కలిసి పుస్తకం రాశారు. 1955లో ఇంగ్లండులో లైట్‌హిల్, విథమ్ అనే ఇద్దరు గణితజ్ఞులు, నదిలో వరద ముంపు అలలా సాగినట్టే రోడ్డు మీద రద్దీ కూడా అలలా వెనక్కి పాకుతుందని సిద్ధాంతం చేశారు. ఎక్కడో ముందు ఒకడు బ్రేకు వేస్తే మైలు దూరంలో ఉన్న మనం కారణం తెలియకుండా ఎందుకు ఆగుతామో అది చెబుతుంది. దానికీ వేగానికీ సాంద్రతకూ ఉన్న బంధమే ఆధారం.

1956లో మిషిగన్‌కు తిరిగి వచ్చి అక్కడి రవాణా సంస్థకు తాత్కాలిక డైరెక్టరుగా ఉండి, 1966లో రిటైరయ్యారు. అప్పటికి ఆయన ధ్యాస బళ్ళ గుంపు మీద నుంచి బండి నడిపే మనిషి మీదికి మళ్ళింది. డ్రైవోమీటర్ అని ఒక పరికరం తయారుచేశారు. దాన్ని కారులో అమరిస్తే, డ్రైవరు స్టీరింగు ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పాడు, యాక్సిలరేటరు ఎన్నిసార్లు తొక్కి వదిలాడు, బ్రేకు ఎన్నిసార్లు వేశాడు అన్నీ నమోదు చేస్తుంది. ప్రమాదాలు చేసే డ్రైవర్లను ముందే గుర్తుపట్టవచ్చా అని డెబ్బై దాటిన వయసులో వెతికారు.

1976లో ట్రాఫిక్ ఇంజనీరింగ్ సేవకు మాట్సన్ స్మారక పురస్కారం అందుకున్నారు. 1979లో కన్నుమూశారు. 2008లో మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్‌లో, ఆ గీతకు 75 ఏళ్ళు నిండిన సందర్భంగా ఆయన పేరుతో మూడు రోజుల సదస్సు జరిపారు.

మన దేశానికి సొంతంగా రోడ్ల సామర్థ్యపు గ్రంథం 2017లో వచ్చింది. దానికి ముందూ తర్వాతా మేము చేసిన పని ఆయన 1930లలో చేసినదే. ఫుట్‌బ్రిడ్జి మీద కెమెరా పెట్టి, రోడ్డు మీద సున్నంతో రెండు గీతలు గీసి, బండి మొదటి గీత ఎప్పుడు తాకింది, రెండో గీత ఎప్పుడు దాటింది అని చూడటం. ఇప్పుడు బొమ్మలు కొలిచే పని కంప్యూటరు చేస్తోంది. కెమెరా పెట్టబోయే ముందు ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఆగి, సంత ఏ వారమో అడిగే పని నాదే.