పిల్లల దగ్గరికే బడిని తీసుకుపోయిన తారాబాయి

అంగన్‌వాడి అంటే మనలో తెలియనివాళ్ళు లేరు. చిన్నప్పుడు చాలామందిమి అక్కడ కూర్చొని పాటలు పాడినవాళ్ళమే. కాని ఆ పేరు వెనుక ఒక గొప్ప టీచరమ్మ ఉన్నారని ఎక్కువమందికి తెలియదు. ఆమె పేరు తారాబాయి మోడక్.

తారాబాయి గారు 1892 ఏప్రిల్ 19న బొంబాయిలో జన్మించారు. ఆ రోజుల్లో ఆడపిల్లలను చదివించేవాళ్ళు చాలా తక్కువ. అయినా ఆమె 1914లో బి.ఏ. పాసయ్యారు. ఒక వకీలును పెళ్ళి చేసుకొని అమరావతి పట్నం పోయారు (ఇది మహారాష్ట్రలోని అమరావతి). ఆ కాపురం నిలవలేదు. 1921లో విడాకులు అయినవి. ఆమె కుంగిపోలేదు. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఆడవాళ్ళ ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు.

అప్పట్లో బెత్తం లేని బడి లేదు. పిల్లలు దెబ్బలకు భయపడి పాఠం అప్పజెప్పేవాళ్ళు. భావనగర్‌లో గిజుభాయి గారు 1920లో బాలమందిరం పెట్టి, అందులో దెబ్బలు తీసేసినారు. కథలు, ఆటలు, పాటలు పెట్టినారు. భయం నిండిన మనసులోకి చదువు పోదని ఆయన నమ్మకం. అది తారాబాయి గారికి బాగా నచ్చింది. 1923లో ఆయన దగ్గరికి పోయి పనిలో చేరారు. 1926లో ఇద్దరూ కలిసి చిన్నపిల్లల చదువు కోసం ఒక సంఘం పెట్టారు. 1936లో ఆమె బొంబాయి దాదర్‌లో శిశు విహార్ ప్రారంభించారు.

కాని ఇవన్నీ పట్నం బళ్ళు. మరి పల్లెల్లో పేదపిల్లల సంగతి ఏమిటి? ఈ ఆలోచనతో 1945లో సముద్రం ఒడ్డున ఉన్న బోర్డి అనే ఊరికి వచ్చి బాల్‌వాడి తెరిచారు. అనుతాయి వాఘ్ గారు ఆమెకు తోడు వచ్చారు. అనుతాయికి 13 ఏళ్ళకే పెళ్ళి చేసినారు, కొన్ని నెలలకే భర్త చనిపోయాడు. అయినా చదువుకొని టీచర్ అయ్యారు.

బాల్‌వాడి తెరిచారు గాని బీదపిల్లలు రాలేదు. వేరే టీచర్లు అయితే వీళ్ళకు చదువు మీద ఇష్టం లేదు అని ఊరుకునేవాళ్ళు. తారాబాయి అట్ల అనలేదు. పిల్లలు రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోవాలి అనుకున్నారు. టీచర్లు వాళ్ళ వాడకే పోయి వాకిట్లో కూర్చున్నారు. పిల్లలకు మొఖం కడిగి, తల దువ్వి, పాటలు, కథలు చెప్పినారు. ఆట వస్తువులు కొనలేదు. గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్ళే ఆట వస్తువులు. ఇల్లు పక్కనే ఉంటే పిల్లలకు భయం ఎందుకు ఉంటది? అంగన్ అంటే వాకిలి. వాకిట్లో జరిగే బడి కాబట్టి అంగన్‌వాడి.

1957లో కోస్‌బాడ్ గుట్ట మీదికి పోయారు. అక్కడ ఉండేవాళ్ళు వార్లీలు, మనలాగే ఆదివాసులు. వాళ్ళ పిల్లలు పశువులు కాయను పోయేవాళ్ళు. అందుకని పశువులు మేసే గడ్డిబీడులోనే బడి నడిపినారు. ఆడపిల్లలు చిన్న తమ్ముళ్ళను, చెల్లెళ్ళను ఎత్తుకొని ఇంటికాడ ఉండిపోయేవాళ్ళు. అందుకని బడి పక్కనే పసిపిల్లలను చూసుకునే చోటు పెట్టినారు. అప్పుడు అక్క చదువుకుంటది, తమ్ముడు కంటికి కనపడుతనే ఉంటడు.

1962లో ప్రభుత్వం ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది. 1973 ఆగస్టు 31న మరణించారు. తర్వాత అనుతాయి గారు 1992లో చనిపోయేదాకా ఆ పని నడిపించారు. 1975 అక్టోబర్ 2న దేశంలో మొదలైన పథకంలో పిల్లల కేంద్రాలకు అంగన్‌వాడి అనే పేరే పెట్టారు.

తారాబాయి గారి దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటి ఉంది. పిల్లను తిట్టేముందు కారణం వెతకాలి. ప్రతి జూన్‌లో మన హాస్టల్‌కు కొత్తగా చిన్నపిల్లలు వస్తారు. రాత్రి గోడ దిక్కు తిరిగి ఏడుస్తారు. అన్నం తినని పిల్ల మొండిది కాదు, ఇంటి మీద బెంగ పెట్టుకున్నది. తెలుగులో జవాబు చెప్పని పిల్ల తెలివి లేనిది కాదు, ఆమె ఇంటి భాష వేరు. అక్కలారా, అటువంటి పిల్లను ఎగతాళి చేయకండి. పక్కన కూర్చొని మన భాషలో మాట్లాడండి. ఇంటికాడ పాడుకునే పాట ఒకటి పాడించండి. అప్పటికీ దిగులు పోకపోతే మేడంగారికి చెప్పండి. దీనికి డబ్బులు అక్కర లేదు.

– 9వ తరగతి విద్యార్థిని