చూపు లేని మనిషి తెరిచిన తేనెపట్టు

తేనెటీగల పెట్టె కొత్తగా పెట్టుకున్నవాళ్లకి మొట్టమొదట నేర్పేది చూడ్డం. రాణి ఈగ ఉందా, గుడ్లు పెడుతోందా, తేనె చేరుతోందా అన్నది ఫ్రేము పైకెత్తి వెలుతురుకి పట్టి చూస్తేగాని తెలీదు. మొదటిసారి మూత తీసినప్పుడు నాకు రాణి కనిపించనేలేదు. పావుగంట వెతికి, వేలి మీద కుట్టించుకుని, మూత పెట్టేశాను. ఈ విద్యకి దారి వేసినాయనకి అసలు చూపే లేదని తర్వాత చదివి సిగ్గుపడ్డాను.

ఆయన ఫ్రాన్స్వా హ్యూబర్. 1750లో జెనీవాలో పుట్టాడు. పదిహేనేళ్ల వయసులో మసకబారడం మొదలైన చూపు క్రమంగా పూర్తిగా పోయింది. అప్పటికే ఆయన్ని ఇష్టపడిన మారీ ఎమే అనే అమ్మాయికి తండ్రి ఈ పెళ్లి వద్దన్నాడు. పెద్ద హోదాలో ఉన్న మనిషి, గుడ్డివాడికి పిల్లనిస్తాడా మరి! ఆమె ఎదురు తిరగలేదు, వేరే సంబంధం ఒప్పుకోనూలేదు. చట్టప్రకారం తన ఇష్టం చెల్లే 25 ఏళ్లు వచ్చేదాకా ఆగి, ఆయన్నే చేసుకుంది. దాదాపు నలభై ఏళ్లపాటు ఆయనకి చదివి పెట్టింది, రాసి పెట్టింది.

తేనెటీగల్ని చూసే పని మాత్రం ఇంట్లో పనివాడైన ఫ్రాన్స్వా బర్నెన్స్‌ది. పల్లెటూరివాడు. హ్యూబర్ ప్రశ్న వేస్తాడు, అతను చూసి చెబుతాడు. నమ్మకం కుదరకపోతే మళ్లీ చూడమంటాడు. ఒకసారి రెండు పట్లలోని ఈగల్ని ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని పరీక్షించడానికి బర్నెన్స్‌కి పదకొండు రోజులు పట్టింది. ఎన్నిసార్లు కుట్టాయో ఊహించుకోండి!

పట్టు చెడకుండా లోపల చూడాలని హ్యూబర్ చెక్క చట్రాల్ని బందులతో కలిపి, పుస్తకంలో పేజీల్లా విప్పే పెట్టె చేయించాడు. రాణి బయటికి ఎగిరి వెళ్లి గాలిలో మగ ఈగలతో కలిసి వస్తుందని తేల్చింది వాళ్లే. మైనం పుప్పొడితో తయారవుతుందని అప్పట్లో అనుకునేవారు. ఈగల్ని మూసిపెట్టి ఒట్టి తేనె, పంచదారే ఇచ్చినా మైనం చేశాయి. హ్యూబర్ పరిశోధనల పుస్తకం 1792లో వచ్చింది. బర్నెన్స్ శ్రమ గురించి హ్యూబర్ అందులో దాచకుండా రాశాడు. అది నాకు నచ్చింది.

బర్నెన్స్ వెళ్లిపోయాక ఆ కళ్ల పని భార్య, కొడుకు పియేర్ పంచుకున్నారు. జ్యురీన్ అనే శాస్త్రవేత్త కూతురు కూలి ఈగల్ని కోసి చూసి, వాటికీ ఎదగని అండాశయాలున్నాయని చూపింది. అంటే అవీ ఆడవే! 1814లో పుస్తకం రెండు సంపుటాలుగా వచ్చింది. 1831లో హ్యూబర్ పోయాడు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్, ఫ్రేముల చుట్టూ సెంటీమీటరుకి కాస్త తక్కువ సందు వదిలితే ఈగలు అక్కడ పట్టు కట్టవని గమనించి, పైకి తీసే ఫ్రేముల పెట్టె చేశాడు. మనం వాడేది ఆ పద్ధతి పెట్టెలే.

ఇప్పుడు నేను రాణి కోసం వెతకడం మానేశాను. గదుల అడుగున బియ్యపు నూకంత తెల్లటి గుడ్లు కనిపిస్తే చాలు. గుడ్డు మూడు రోజుల్లో పిల్ల పురుగవుతుంది కాబట్టి, మూడు రోజుల కిందటిదాకా రాణి అక్కడున్నట్టే. ఎండ వీపు మీద పడేలా నిలబడి చూడండి, గుడ్లు తేలిగ్గా కనిపిస్తాయి.