కర్షకకవి రాబర్టు బర్న్సు

స్కాట్లండు దేశమున ప్రతి యేట జనవరి 25వ తేదీ రాత్రి ఒక విందు జరుగును. అది ఏ రాజు పట్టాభిషేకమునకు గాని, ఏ యుద్ధవిజయమునకు గాని గుర్తు కాదు. నాగలి పట్టిన చేతితో పాటలు వ్రాసి, 37 ఏండ్లకే కన్నుమూసిన యొక కౌలురైతును తలచుకొను విందు అది. ఆ రైతు రాబర్టు బర్న్సు.

ఆయన 1759వ సంవత్సరమున అల్లోవే గ్రామమందు జన్మించెను. తండ్రి విలియం తన చేతులతో కట్టిన మట్టియిల్లే ఆయన పుట్టినయిల్లు. కొలది దినములకే వీచిన పెనుగాలికి దాని గోడ కూలగా తల్లి పసిబిడ్డతో పొరుగింట తలదాచుకొనెను. బీదవాడైనను ఆ తండ్రి ఇరుగుపొరుగువారితో కలసి జాన్ మర్డాక్ అను యువకుని కుదిర్చి బిడ్డలకు చదువు చెప్పించెను. పదునైదేండ్ల ప్రాయమునకే రాబర్టు పొలమున పెద్దవాని పని చేయుచుండెను. నిస్సారమైన భూమి, హెచ్చు కౌలు, భూస్వామితో వ్యాజ్యము, వీనిచే క్రుంగి తండ్రి 1784లో మరణించెను.

బ్రదుకు తెరువు కానరాక రాబర్టు జమైకా దీవికి పోనెంచెను. బానిసలచే పని చేయించు తోటలో ఉద్యోగమున కొప్పుకొనుట ఆయన చరిత్రమున మాయని మచ్చ. దానిని కప్పిపుచ్చుట న్యాయము కాదు. పయనమునకు ముందు, 1786 జూలైలో, కిల్మార్నాక్ పట్టణమున ఆయన కావ్యసంపుటి 612 ప్రతులు అచ్చయ్యెను. వెల 3 షిల్లింగులు. కొలది వారములలోనే ప్రతులన్నియు చెల్లిపోయెను. ఓడ యెక్కవలసినవాడు ఎడింబరో పండితసభల కేగెను. అచ్చట ఎంత మన్నన జరిగినను 1788లో మరల నాగలి పట్టి, డంఫ్రీస్ సమీపమున ఎలిస్‌లండ్ పొలము కౌలునకు గైకొనెను.

గ్రంథాలయాభిమానులకు ఆయన ఇచ్చటనే మిక్కిలి ఆప్తుడగును. రాబర్టు రిడెల్ అను పొరుగు భూస్వామి ప్రోత్సాహముతో అచ్చటి రైతులు మాంక్లండ్ మిత్రసంఘమను పఠనసంఘమును నెలకొల్పిరి. దానికి కోశాధికారియు, గ్రంథపాలకుడును బర్న్సే. ప్రవేశ రుసుము 5 షిల్లింగులు. నాలుగు వారముల కొకమారు శనివారమున సమావేశము. వచ్చినపుడెల్ల 6 పెన్నీలు. ఏ పుస్తకము కొనవలెనో సభ్యులు ఓటు వేసి తేల్చుచుండిరి. మూడేండ్ల గడువు తీరిన పిమ్మట పుస్తకములను సభ్యులలోనే వేలము వేయవలెనని నియమము. అప్పటికి 150కి పైగా సంపుటములు చేరెను. 1789 నుండి సుంకపు ఉద్యోగమున గుఱ్ఱముపై ఊరూర తిరుగుచు, సేద్యము చూచుకొనుచు ఈ లెక్కలన్నియు వ్రాసినవాడు ఆయనయే. అంతటితో ఊరకొనక, ప్రతి గ్రామమునను ఇట్టి పొత్తపుగుడి యుండినచో రైతు ఎంత మేలు పొందునో వివరించి సర్ జాన్ సింక్లేర్ దేశవృత్తాంత గ్రంథమునకు లేఖ పంపెను.

జానపదుల నోట నశించుచున్న పాటలను సేకరించి, సవరించి, ప్రకటనకర్తలకు ప్రతిఫలము కోరక యిచ్చెను. తుదకు వ్యాధిగ్రస్తుడై, బట్టల బాకీకై చెఱసాల భయము కలుగగా, వారిలో నొకనినే 5 పౌనులు యాచింపవలసి వచ్చెను. 1796 జూలై 21న మరణించెను. ఉత్తరక్రియలు జరిగిన దినముననే భార్య జీన్ కడపటి కుమారుని ప్రసవించెను.

అయిదేండ్లకు, 1801లో, తొమ్మండుగురు మిత్రులు అల్లోవేలోని ఆ మట్టియింటనే కూడి విందారగించిరి. అదియే మొదటి విందు. పిదప గ్రీనక్ పట్టణపు అభిమానులు జన్మదినోత్సవము నారంభించి, పొరపాటున జనవరి 29న జరిపిరి. చర్చి పుస్తకములు చూచిన తరువాతనే తేదీ సరిపడెను.

నేటికిని తిత్తివాద్యము ముందు నడువ హగ్గిస్ అను వంటకమును తెత్తురు. గొఱ్ఱె గుండె, కాలేయము, ఊపిరితిత్తులు తరిగి, ఓట్సు నూక, కొవ్వు, ఉల్లి కలిపి, ఆ గొఱ్ఱె పొట్టలోనే కూరి ఉడికించినది అది. మనలో శాకాహారులు వినుటతో సరిపెట్టుకొనవచ్చును! బీదల ఆ వంటకముపై ఆయన వ్రాసిన పద్యమును చదువుచు కత్తితో కోయుదురు. ఒకరు కవిని స్మరించి ప్రసంగింతురు. స్త్రీలను గూర్చి వేళాకోళముగా నొకరు పలుక, ఒక స్త్రీ లేచి దీటుగా బదులిచ్చును. చివర అందరును చేయి చేయి కలిపి, పాతచెలిమిని గూర్చిన ఆయన పాట పాడుదురు. అది ఒక ముసలివాని నోట విని వ్రాసికొన్నదని ఆయన చెప్పుకొనెను. అచ్చయి వెలువడినది 1796 డిసెంబరులో, ఆయన చూడలేదు.