సంఖ్యాబలం అధికారంగా మారాలంటే: లచ్చన్న జీవితం చెప్పే పాఠం

శ్రీకాకుళం జిల్లాలో వెనుకబడిన కులాలు ఏనాడూ సంఖ్యలో తక్కువ కాదు. అయినా ఆ సంఖ్య స్థానిక అధికారంగా మారడానికి దశాబ్దాలు పట్టింది. ఎందుకు పట్టిందో సర్దార్ గౌతు లచ్చన్న జీవితాన్ని పరిశీలిస్తే అర్థమవుతుంది.

1909 ఆగస్టు 16న సోంపేట సమీపాన బారువలో, గీత కులంలో ఆయన జన్మించారు. టెక్కలి, మందస ప్రాంతాలు అప్పుడు జమీందారీలు. రావివలస వంటి పల్లెల్లో శిస్తు, అడవి, చెరువు అన్నింటిపైనా ఎస్టేటు పెత్తనమే. జిల్లా బోర్డులకు ఎన్నికలు జరిగినా ఓటుహక్కు ప్రధానంగా పన్ను చెల్లించేవారిదే. తాటిచెట్టెక్కి బతికేవారికి, సముద్రంలో వల వేసేవారికి ఆ ఎన్నికలతో పనిలేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహంతో ఉద్యమంలోకి వచ్చిన లచ్చన్న, ఆచార్య రంగా శిష్యుడై రైతు ఉద్యమాన్ని ఉద్దానానికి తెచ్చారు. 1940 మార్చిలో పలాసలో జరిగిన అఖిల భారత కిసాన్ సభ మహాసభ నిర్వాహకులలో ఆయన ముఖ్యులు. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు గున్నమ్మ బలైంది. వంటచెరకు కోసం అడవికి వెళ్లే హక్కే అక్కడి తగాదా.

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. వయోజన ఓటుతో లచ్చన్న శాసనసభకు చేరారు. 1954లో గీత కార్మికుల సత్యాగ్రహాన్ని నడిపారు. మద్యనిషేధంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంతో ప్రకాశం ప్రభుత్వం ఒకే ఓటు తేడాతో కూలింది. కల్లుగీత కులాల ప్రశ్న ఒక ప్రభుత్వాన్నే మార్చగలిగింది.

ఊరి పెత్తనం మాత్రం అంత త్వరగా మారలేదు. 1959లో ఏర్పడిన పంచాయతీ సమితుల అధ్యక్షులను నేరుగా ప్రజలు కాక, ప్రధానంగా సర్పంచులే ఎన్నుకునేవారు. కొద్దిమందిని కూడగట్టుకోవడం భూమి, డబ్బు ఉన్నవారికి సులువు. జమీందారు పోయినా అతని కుర్చీ పేదకులాలకు దక్కలేదు. లచ్చన్న రాజకీయాలలోనూ ఈ వైరుధ్యం ఉంది. 1967లో తాను గెలిచిన శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని గురువు రంగా కోసం వదులుకున్నారు. అది గురుభక్తి కావచ్చు. కానీ వెనుకబడిన కులాలు కష్టపడి గెలుచుకున్న స్థానం అగ్రకుల నాయకుడికి చేరింది. రైతు ఐక్యత పేరిట కుల ప్రాతినిధ్యం వెనక్కి తగ్గిన సందర్భమది.

అనంతరామన్ కమిషన్ సిఫార్సుల మీదట 1970లో విద్య, ఉద్యోగాలలో వెనుకబడిన తరగతులకు 25 శాతం రిజర్వేషన్ వచ్చింది. 1978 తర్వాత లచ్చన్న శాసనసభలో ప్రతిపక్ష నేత అయ్యారు. స్థానిక పదవులలో కోటా మాత్రం 1986 మండల చట్టం దాకా ఆగింది. 1987లో మండలాధ్యక్షులను ప్రజలు నేరుగా ఎన్నుకున్నారు. శాసనసభలో ఒక నాయకుడు గెలవడం వేరు; ఇళ్ల జాబితా, నీటి పథకం, ఉపాధి పని ఎవరికి దక్కాలో నిర్ణయించే పదవి ఆ కులాల చేతికి రావడం వేరు.

2006 ఏప్రిల్ 19న లచ్చన్న కన్నుమూశారు. ఆయన మరణించిన పద్నాలుగేళ్లకు, 2020లో, మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటరాదన్న హైకోర్టు తీర్పుతో స్థానిక సంస్థలలో వెనుకబడిన తరగతుల వాటా 34 నుంచి సుమారు 24 శాతానికి తగ్గింది. 2021 పంచాయతీ ఎన్నికలు ఆ తగ్గిన వాటాతోనే జరిగాయి. జయంతులకు ఆయన విగ్రహానికి దండలు వేసే పార్టీలన్నీ ఈ కోతకు సమాధానం చెప్పాలి. కోటాతో నిమిత్తం లేకుండా జనరల్ స్థానాలలో వెనుకబడిన కులాల వారికి ఎన్ని టికెట్లు ఇస్తారన్నదే అందుకు మొదటి పరీక్ష.