సర్టిఫికెట్ చిన్నదైనా కొలత నిలిచింది

బోరంచ నుంచి నారాయణఖేడ్‌కు రోజూ తిరుగుతూ చదువుకుంటున్నారా? మార్కులు తక్కువ, డిగ్రీకి పేరు లేదు, మనకెవరిస్తారులే ఉద్యోగం అనుకుంటున్నారా? అయితే యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చదవండి.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్టే చేతికొచ్చింది. 1922లో అమెరికాలోని బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. నమూనాలో ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే టెస్ట్‌ట్యూబ్‌లో నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. అంతే! ఆ కొలతతోనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తర్వాత ఏటీపీని పట్టుకున్నారు. కణాలకు శక్తి అందేది వీటితోనే. అదే రోజుల్లో జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు.

ఇప్పుడు ఈ కాలానికి వద్దాం. హంటింగ్టన్ మెదడును క్షీణింపజేసే వంశపారంపర్య వ్యాధి. తల్లికో తండ్రికో ఆ జన్యులోపం ఉంటే, బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. 1993లో జన్యువు దొరికినా, నయం చేసే మందు ఇంకా లేదు. అందుకే లక్షణాలు రాకముందే మెదడులోకి తొంగిచూడాలి. పెట్ స్కాన్‌లో, మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు రెచ్చిపోయిన చోట అతుక్కునే ట్రేసర్‌ను రక్తంలోకి ఎక్కించి ఇన్‌ఫ్లమేషన్‌ను చూస్తారు. ఇంకా లక్షణాలు లేనివాళ్లలోనూ అది కనిపించింది. ఇక మెదడుకు శక్తి సరిగ్గా అందుతోందా? దానికి ఫాస్ఫరస్ ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ ఉంది. సూది గుచ్చకుండానే ఫాస్ఫేట్, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను కొలుస్తుంది. గమనించారా? సుబ్బారావు వెంటపడినవి ఇవే!

అంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన బృందం పనిలోంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కూ, కీళ్ల వాపుకూ నేటికీ వాడుతున్నారు. 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

మెడికల్ ఇమేజింగ్‌కు డాక్టర్లొక్కరే చాలరు. ట్రేసర్ తయారీకి కెమిస్ట్రీ, స్కానర్‌కు ఫిజిక్స్, బొమ్మ తేవడానికి సిగ్నల్ ప్రాసెసింగ్, కోడింగ్ కావాలి. మీ సబ్జెక్ట్ ఏదైనా, ఒక్క కొలతను మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చేయడం నేర్చుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూపించాక, చెప్పడానికి మీ దగ్గర ఓ పని ఉండాలి కదా!