మొదటి అజాన్ గొంతు

మాది విడవలూరు. మా నెల్లూరు వైపు అజాన్ వినకుండా పెరిగినవాళ్ళు తక్కువ. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకి మతంతో పని లేకుండా అందరం వెళ్తాం. కానీ అజాన్ మొట్టమొదట పలికిన మనిషి గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు బిలాల్ ఇబ్న్ రబాహ్.

బిలాల్ సుమారు 580లో మక్కాలో పుట్టారు. తల్లి హమామా అబిసీనియా, అంటే నేటి ఇథియోపియా వైపు మనిషి. ఆమె బానిస కావడంతో బిడ్డా బానిసే అయ్యాడు. యజమాని ఉమయ్య ఇబ్న్ ఖలఫ్, ఖురైష్ పెద్దల్లో ఒకడు. ముహమ్మద్ ప్రవక్త బోధని తొలిరోజుల్లోనే నమ్మినవాళ్ళలో బిలాల్ ఒకరు. అది తెలిసి ఉమయ్య ఆయన్ని మిట్టమధ్యాహ్నం మండే ఇసుకలో పడుకోబెట్టి, గుండెల మీద పెద్ద బండ పెట్టించేవాడు. బిలాల్ మాత్రం దేవుడొక్కడే అన్న మాట వదల్లేదు. చివరికి అబూబక్ర్ ఆయన్ని కొని, విడుదల చేశారు.

622లో అందరూ మదీనా చేరాక, నమాజుకి జనాన్ని ఎలా పిలవాలన్న ప్రశ్న వచ్చింది. మనిషి గొంతుతోనే పిలవాలని తేలింది. ఆ పని బిలాల్‌కి అప్పగించారు, ఎందుకంటే ఆయనది బాగా వినపడే, తియ్యని గొంతు. మైకులు లేని కాలం కదా!

ఆయన్ని కేవలం సహనమూర్తిగా చూపిస్తే సగం మనిషినే చూపించినట్టు. 624లో బదర్ యుద్ధంలో ఉమయ్య బందీగా దొరికినప్పుడు, బిలాల్ గుర్తుపట్టి కేకలు వేశారు. జనం చుట్టుముట్టి ఉమయ్యని చంపేశారు. పడ్డ బాధ ఆయన మర్చిపోలేదు.

స్వేచ్ఛ వచ్చినా రంగు మీద మాటలు ఆగలేదు. తోటి సహచరుడు అబూజర్ ఒకసారి కోపంలో ఆయన్ని నల్లదాని కొడుకని తిట్టాడని చెబుతారు. ప్రవక్త మందలించేసరికి అబూజర్ తల దించుకున్నాడు. 630లో మక్కా వశమైనప్పుడు కాబా పైకెక్కి అజాన్ ఇచ్చింది బిలాలే. ఒకప్పుడు ఆయన్ని ఇసుకలో ఈడ్చిన ఊరే అది. అప్పుడు కూడా కొందరు పెద్దలు నల్లవాడు అంత పైకెక్కడమేంటని గొణిగారట.

632లో ప్రవక్త చనిపోయాక బిలాల్ మదీనాలో అజాన్ చెప్పలేకపోయారు. సిరియా వెళ్ళిపోయారు. తర్వాత ఖలీఫా ఉమర్ అక్కడికి వచ్చినప్పుడు, అందరూ అడిగితే మళ్ళీ ఒకసారి పలికారు. పాతరోజులు గుర్తొచ్చి విన్నవాళ్ళంతా ఏడ్చారని సంప్రదాయం చెబుతుంది. సుమారు 640లో కన్నుమూశారు. డమాస్కస్‌లోని బాబ్ అల్ సగీర్ శ్మశానంలో ఆయన సమాధి చూపిస్తారు.

నాకు ఈ జీవితంలో కాబా ఘట్టం కన్నా అబూజర్ ఘట్టమే పదేపదే గుర్తొస్తుంది. ఎందుకంటే ఆ తిట్టు శత్రువు నోటి నుంచి రాలేదు, ఒకే వరుసలో నిలబడే మనిషి నోటి నుంచి వచ్చింది. మన హాస్టళ్ళలో రంగు చూసి నిక్‌నేమ్ పెట్టేది కూడా ఫ్రెండ్సే. జోకే కదా అంటాం. పిలిపించుకునేవాడు నవ్వుతున్నాడని దాన్ని ఒప్పుకున్నట్టు అనుకోకండి.